పాత కట్టడాలు – కొత్త కట్టడాలు: రాతి మీద ఎవరి పేరు?

(సంఘం వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



పాతకాలపు గుళ్లు గొప్పవా, ఈనాటి కట్టడాలు గొప్పవా అని మనలో మనం వాదించుకుంటూనే ఉంటాం. ఆ వాదన తెగేది కాదు. కట్టడం ఎంత ఎత్తు, ఎన్నాళ్లు నిలిచింది అన్నది ఒక సంగతి. ఆ కాలం వారు ఎవరిని గౌరవించారు అన్నది ఇంకో సంగతి. ఆ రెండోదాని గురించే నాలుగు మాటలు మనవి చేస్తాను.

ముందుగా ములుగు జిల్లా పాలంపేటలోని రామప్ప గుడి. కాకతీయ గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించాడు. అంటే ఒక ఫౌజీ కట్టించిన గుడి అన్నమాట! పునాది గోతిని ఇసుకతో నింపి, దాని మీద రాతి కట్టడం లేపారు. శిఖరానికి నీళ్లలో తేలేంత తేలికైన ఇటుకలు వాడారు. కింద అదురును ఇసుక తట్టుకోవాలి, పైన బరువు తగ్గాలి. అదీ వారి లెక్క. నేల అక్కడక్కడ కుంగినా గుడి ఎనిమిది వందల ఏళ్లుగా నిలబడే ఉంది. 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. లోపల ఉన్నది రామలింగేశ్వరుడు. జనం మాత్రం రామప్ప అనేది శిల్పి పేరే అని చెప్పుకుంటారు. రాళ్లు మోసిన వారి పేర్లు మాత్రం మనకు తెలియవు.

మరి ఆ రోజుల్లో మామూలు సిపాయికి ఏం దక్కింది? వీరగల్లు దక్కింది. ఊరి కోసం, పశువుల మంద కోసం పోరాడి పడిపోయినవాడికి ఒక రాయి నిలిపేవారు. చాలా రాళ్లలో మూడు అంతరాలు ఉంటాయి. కింద యుద్ధం, మధ్యలో అప్సరసలు వీరుణ్ణి తీసుకుపోవడం, పైన దేవుడి సన్నిధి. చదువు రానివాడికి కూడా ఆ కథ అర్థమవుతుంది. అయితే చాలా వాటి మీద అక్షరం ముక్క లేదు. కత్తి ఉంది, డాలు ఉంది, పేరు లేదు.

ఇప్పుడు ఢిల్లీకి వద్దాం. లుట్యెన్స్ రూపొందించిన ఇండియా గేట్ 1931లో ప్రారంభమైంది. ఎత్తు 42 మీటర్లు. 13 వేలకు పైగా పేర్లు చెక్కారు. పోయింది మనవాళ్లే, కట్టించింది పరాయి పాలకులు. స్వతంత్రం వచ్చాక పోయినవారి పేర్లన్నీ అలా ఒకచోట చూసుకోవడానికి మనం 2019 ఫిబ్రవరి 25న జాతీయ యుద్ధ స్మారకం ప్రారంభమయ్యే దాకా ఆగాం. అందులో నాలుగు చక్రాలు: అమర్, వీరతా, త్యాగ్, రక్షక్. త్యాగ్ చక్రం గోడలకు మన పాత చక్రవ్యూహమే ఆధారం. ఆ గోడల్లో ఒక్కొక్క వీరుడికి ఒక్కొక్క గ్రానైట్ పలక. ఆఫీసరుకు పెద్దది, జవానుకు చిన్నది అన్న తేడా లేదండీ. ఈ కాలపు సంస్కృతి గొప్పతనం అక్కడుంది.

కాబట్టి నేను చెప్పేది ఇదే. ఎక్కువ కాలం నిలిచేలా కట్టడం పాతవారు నేర్పారు. పోయిన ప్రతివాడి పేరూ రాయడం కొత్తవారు నేర్పారు. మనకు రెండూ కావాలి. కాంక్రీటులోకి నీరు దిగితే లోపలి ఇనుము తుప్పు పట్టి ఉబ్బుతుంది, పెచ్చులు ఊడతాయి. రాతికి ఆ జబ్బు లేదు గానీ, మనిషి నిర్లక్ష్యం రాతిని కూడా తినేస్తుంది.

చివరగా ఒక మనవి. సెలవు మీద ఊరికి వెళ్లినప్పుడు పొలిమేరలో, చెరువు గట్టున, గుడి వెనక ఒకసారి చూడండి. బట్టలు ఉతికే బండ అనుకున్నది వీరగల్లు కావచ్చు. దానికి రంగులు పూయకండి, పెకలించకండి. ఫోటో తీసి పురావస్తు శాఖ వారికి తెలియజేయండి. ఊరి పిల్లలకు అదేమిటో చెప్పండి. ఢిల్లీలో మనవాళ్లకు పేరున్న పలక ఉంది. ఆ రాతిలో ఉన్నవాడికి మనమే దిక్కు. సర్వీసులో మనందరికన్నా సీనియరు ఆయన.

జై హింద్!