శ్రామికుని వెనుక సంసారం - వరాహగిరి వెంకటగిరి జీవితం
(పాఠశాల ప్లాటినం జూబిలీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



పరభాషా ప్రాంతంలో తెలుగు చదువును డెబ్బయ్యైదేళ్లు కాపాడుకొన్న పాఠశాల పండుగనాడు వరాహగిరి వెంకటగిరి గారిని స్మరించుకోవడం ఎంతో సముచితం. భారత రాష్ట్రపతి పదవిని అలంకరించడం అందుకు ఒక కారణం మాత్రమే. అంతకు ముందు ఆయన నేటి ఒడిశాలోని బరంపురంలో పుట్టి పెరిగిన తెలుగు బిడ్డ. పద్నాలుగు మంది సంతానాన్ని కన్న సంసారి. అర్ధశతాబ్దికి పైగా ప్రజాజీవితంలో తల నెరసిన యోధుడు. ఈ మూడింటినీ విడదీసి చూస్తే గిరిగారు అర్థం కారు.

ఆయన 1894 ఆగస్టు 10న జన్మించారు. పెద్దలు గోదావరి ప్రాంతంలోని చింతలపల్లి నుండి వచ్చి బరంపురంలో స్థిరపడ్డవారు. ఆనాడు బరంపురం మద్రాసు రాజధానిలోని గంజాం జిల్లాకు చెందిన పట్టణం. తండ్రి జోగయ్య పంతులు పేరుమోసిన న్యాయవాది, జాతీయవాది. తల్లి సుభద్రమ్మ శాసనోల్లంఘన ఉద్యమకాలంలో మద్యపాన నిషేధంకోసం సమ్మె నడిపి అరెస్టయిన వీరవనిత. దేశసేవ ఆ ఇంట వీధి అరుగుకే పరిమితం కాలేదు. వంటింటి గడప దాకా వచ్చింది.

బరంపురంలోని ఖల్లికోట కళాశాలలో చదువు ముగించి, 1913లో న్యాయశాస్త్రం అభ్యసించడానికి గిరిగారు ఐర్లండులోని డబ్లిన్ నగరానికి వెళ్లారు. అక్కడి స్వాతంత్ర్య పోరాటం ఆయనను ఆకర్షించింది. 1916 ఈస్టర్ తిరుగుబాటుతో సంబంధం ఉందన్న అనుమానంతో ప్రభుత్వం దేశం విడిచి వెళ్లవలసిందిగా తాఖీదు ఇచ్చింది. స్వదేశానికి తిరిగివచ్చి న్యాయవాద వృత్తి చేపట్టారు. కాని 1920లో గాంధీజీ సహాయ నిరాకరణకు పిలుపునివ్వగా ఆ వృత్తిని వదలుకొన్నారు. 1922లో సారా దుకాణాల వద్ద ప్రదర్శన జరిపినందుకు చెరసాల చూశారు.

ఆ తరువాత ఆయన తన జీవితాన్ని శ్రామికులకు అంకితం చేశారు. 1923లో అఖిల భారత రైల్వే కార్మికుల సమాఖ్య సంస్థాపకులలో ఒకరై, పదేళ్లకు పైగా ప్రధాన కార్యదర్శిగా పనిచేశారు. 1926లో అఖిల భారత ట్రేడ్ యూనియన్ కాంగ్రెసుకు అధ్యక్షులయ్యారు. 1928లో బెంగాల్ నాగపూర్ రైల్వేలో పని పోగొట్టుకొన్నవారి పక్షాన అహింసాయుతంగా సమ్మె నడిపి, యాజమాన్యం చేతా ప్రభుత్వం చేతా కోర్కెలను అంగీకరింపజేశారు. మద్రాసు నుండి కలకత్తా వెళ్లే దారిలో విశాఖపట్టణం దాటిన తరువాత ఉన్నది ఆ రైల్వేయే. ఆ దారి పొడవునా ఎన్నో తెలుగు కుటుంబాలకు రైలు కూతయే పొద్దు తెలిపేది. ఉద్యోగం పోవడమంటే నెల జీతం పోవడం ఒక్కటే కాదు, పిల్లల బడి, ముసలివారి మందు, ఆడపిల్ల పెళ్లి అన్నీ ఒకేసారి ఆగిపోవడమని ఆ కుటుంబాలకు ఒకరు చెప్పనక్కరలేదు.

గిరిగారి సంసారం చిన్నది కాదు. ధర్మపత్ని సరస్వతీబాయి గారు. సంతానం పద్నాలుగు మంది. భర్త నేడు ఈ ఊరిలో సభ, రేపు ఆ ఊరిలో సమ్మె అని తిరుగుతూ ఉంటే ఇంతమందిని సాకడం ఎంతటి కార్యమో తల్లులకు తెలుసు. క్విట్ ఇండియా ఉద్యమంలో వెల్లూరు, అమరావతి జైళ్లలో ఆయన 1945 వరకు గడిపారు. నాయకుని త్యాగాన్ని చరిత్ర లెక్కకట్టినప్పుడు, ఆ కాలంలో ఇల్లాలు మోసిన బరువును కూడా అదే పద్దులో వ్రాయాలి. కుటుంబాన్ని ప్రేమించిన మనిషి కుటుంబానికి దూరంగా ఉండవలసి రావడంకంటె పెద్ద కష్టం వేరొకటి లేదు.

1937 ఎన్నికల్లో బొబ్బిలి రాజావారిని ఓడించి, రాజాజీ మంత్రివర్గంలో గిరిగారు కార్మిక, పరిశ్రమల శాఖలను నిర్వహించారు. అంతకు మునుపే, 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడడంతో బరంపురం ఆ రాష్ట్రంలో చేరిపోయింది. పుట్టిన ఊరు కదలకుండానే పాలన మారింది. అక్కడి తెలుగువారి ఇళ్లలో భాష మాత్రం మారలేదు. ఈ పాఠశాల వంటివి ఆ నిలకడకు సాక్ష్యాలు.

స్వాతంత్ర్యానంతరం సింహళంలో భారత హైకమిషనర్‌గా పనిచేసి, 1952లో పాతపట్నం నుండి లోకసభకు ఎన్నికై, నెహ్రూ మంత్రివర్గంలో ఆయన కార్మికమంత్రి అయ్యారు. కార్మికులూ యజమానులూ న్యాయస్థానాల గడపలెక్కడంకంటె ఎదురెదురుగా కూర్చుండి మాట్లాడుకొని పరిష్కారం సాధించుకోవాలన్నది ఆయన సిద్ధాంతం. ‘గిరి మార్గం’ అన్న పేరు దానికి స్థిరపడింది. ఇంటి తగవును ఇంట్లోనే తీర్చుకోవాలనే పెద్దమనిషి బుద్ధి అందులో కనిపిస్తుంది.

1954లో పరీక్ష ఎదురైంది. బ్యాంకు ఉద్యోగుల జీతభత్యాలపై అప్పీలు ట్రిబ్యునల్ ఇచ్చిన తీర్పును ప్రభుత్వం సవరించి, వారికి దక్కవలసిన దానిని తగ్గించింది. న్యాయనిర్ణేత ఇచ్చినదాన్ని ప్రభుత్వమే కోసివేస్తే ఉద్యోగి ఇక ఎవరిని నమ్మాలి? గిరిగారు మంత్రిపదవికి రాజీనామా చేశారు. మరుసటి ఏడు గజేంద్రగడ్కర్ సంఘం సిఫార్సులను అనుసరించి ఆ తీర్పును కొన్ని మార్పులతో చట్టం ద్వారా అమలుకు తెచ్చారు. పదవిలో ఉండి సాధించినవాటికంటె పదవిని వదలి నిలబెట్టిన మాట కొన్ని వేళల గొప్పది.

ఉత్తరప్రదేశ్, కేరళ, మైసూరు రాష్ట్రాల గవర్నరు పదవులను నిర్వహించి, 1967లో ఆయన ఉపరాష్ట్రపతి అయ్యారు. 1969లో స్వతంత్ర అభ్యర్థిగా రాష్ట్రపతి పదవికి పోటీచేసి, రెండవ ప్రాధాన్య ఓట్ల లెక్కింపులో మరొక తెలుగు పెద్ద నీలం సంజీవరెడ్డి గారిపై గెలిచారు. ఆ ఎన్నికపై వ్యాజ్యం రాగా రాష్ట్రపతిగా ఉంటూనే సుప్రీంకోర్టుకు స్వయంగా వెళ్లి సాక్ష్యం చెప్పారు.

స్మరణ అంటే స్తోత్రం మాత్రమే కాకూడదు. ప్రభుత్వం పంపిన ప్రతి కాగితం మీదా ఆయన సంతకం చేశారని విమర్శించినవారున్నారు. 1974 మే నెలలో దేశవ్యాప్త రైల్వే సమ్మె జరిగినప్పుడు ప్రభుత్వం దానిని కఠినంగా అణచివేసింది. సమ్మెకు ముందు నిలిచినది ఆయన సంస్థాపకులలో ఒకరైన ఆ సమాఖ్యయే; అప్పుడు రాష్ట్రపతి భవనంలో ఉన్నది ఆయనే. రాజ్యాంగం రాష్ట్రపతికి విధించిన హద్దులు నిజమే. అయినా 1954లో రాజీనామా చేసిన గిరిగారిని ఎరిగినవారికి 1974 నాటి మౌనం గుండెను కలుక్కుమనిపిస్తుంది. పెద్దవారి జీవితాల నుండి పిల్లలు నేర్చుకోవలసిన పాఠాలలో ఇదీ ఒకటి: మాట చెల్లిన రోజులూ, చెల్లని రోజులూ ఒకే మనిషి జీవితంలో ఉంటాయి.

ఆయనకు 1975లో భారతరత్న లభించింది. 1980 జూన్ 24న మద్రాసులో, ఎనభయ్యయిదేళ్ల వయస్సులో పరమపదించారు. నోయిడాలోని జాతీయ కార్మిక సంస్థకు 1995లో ఆయన పేరు పెట్టారు.

ఈ సభలో కూర్చున్న తల్లిదండ్రులలో కర్మాగారాలలో, రైల్వేలో, దుకాణాలలో చెమటోడ్చి పిల్లల ఫీజులు కట్టినవారు ఎందరో ఉన్నారు. పూర్వ విద్యార్థులలో నేడు పదిమందికి జీతాలిచ్చే స్థాయికి ఎదిగినవారూ ఉన్నారు. జీతం పుచ్చుకొనే మనిషి వెనుక ఒక ఇల్లు ఉందని, ఆ ఇంటి పొయ్యి మండాలని, ఆ ఇంటి పిల్ల బడికి రావాలని గిరిగారి జీవితం చెబుతుంది. జీతాల పట్టీ మీద సంతకం చేసే ప్రతి పూర్వ విద్యార్థీ చేయి కదపడానికి ముందు ఆ ఇంటిని ఒక్కసారి తలచుకొంటే, ఈ బడి నేర్పిన తెలుగు అక్షరం సార్థకమైనట్లే.

స్వస్తి.