హెరాతు బాలికల శ్వాసయంత్రము



నూతన యంత్రమును కనిపెట్టుట యనగానే సామాన్యముగా మనస్సునకు తట్టునది ఒక గొప్ప ప్రయోగశాలయు, అందు ఏకాంతమున కూర్చున్న ఒక మేధావియు. బడిపిల్లల పని పాఠములు వల్లించి పరీక్షలు గట్టెక్కుట మాత్రమేయని లోకము తలచును. ఈ తలంపు సరికాదని 2020వ సంవత్సరమున ఆఫ్ఘనిస్తాను దేశమందలి హెరాతు నగరమున కొందరు బాలికలు నిరూపించిరి. వారందరును పదునాలుగు మొదలు పదునేడేండ్ల వరకు వయస్సుగలవారు. పిట్ట కొంచెము, కూత ఘనమను సామెత వారియెడ సార్థకమైనది.

హెరాతు ప్రాచీన నగరము. ఒకప్పుడు తైమూరు వంశీయులకు రాజధానియై, చిత్రకళకును పారసీక కవిత్వమునకును నిలయమై విలసిల్లెను. అది ఇరాను సరిహద్దునకు సమీపమున నున్నది. బ్రతుకుతెరువునకై ఇరానునకు వలసపోయిన ఆఫ్ఘనులు వేలకొలది ఆ దారినే స్వదేశమునకు మరలివత్తురు. 2020 ఫిబ్రవరిలో కోవిడ్ వ్యాధి ఆ దేశమున మొట్టమొదట బయటపడినది హెరాతునందే. రోగుల సంఖ్య పెరిగెను. ఊపిరాడనివారికి ఊపిరినిచ్చు వెంటిలేటర్లు కొరవడెను. అప్పుడు హెరాతు గవర్నరు సహాయము కోరగా ముందునకు వచ్చినవారిలో ఈ బాలికలు నుండిరి.

వారికి అప్పటికే కలసి పనిచేసిన అనుభవము కలదు. హెరాతునకు చెందిన రోయా మహబూబ్ అను మహిళ కంప్యూటరు వ్యాపారమున పేరుగాంచినది. ఆమె ప్రోత్సాహమున 2017లో ఈ బాలికల జట్టు ఏర్పడినది. ఆ సంవత్సరము జూలైలో వాషింగ్టను నగరమున జరిగిన అంతర్జాతీయ రోబోల పోటీకి పోవుటకు వారికి రెండు పర్యాయములు వీసా నిరాకరింపబడెను. వారు పట్టు విడువలేదు. తుదకు అనుమతి లభించెను. ధైర్యముతో సాధించిన విజయమునకై వారికి రజత పతకము లభించెను. 2020లో జట్టున సభ్యులు కొందరు మారిరిగాని అభ్యాసము మారలేదు.

వారు చేపట్టిన యంత్రము యొక్క సూత్రము సులభగ్రాహ్యమే. ఆసుపత్రులలో అంబు బ్యాగు అను రబ్బరు సంచి యుండును. దానిని చేతితో నొక్కిన గాలి రోగి ఊపిరితిత్తులలోనికి పోవును. విడిచిన సంచి మరల ఉబ్బును. మనుష్యుని చేయి ఎంతసేపు నొక్కగలదు? కొంతసేపటికి అలసిపోవును. అలసట యెరుగని మోటారుచే ఆ సంచిని క్రమము తప్పక నొక్కించుటయే ఉపాయము. అమెరికాలోని ఎం.ఐ.టి. విద్యాసంస్థయందు 2010లోనే కొందరు విద్యార్థులు తరగతిలోని అభ్యాసముగా ఇట్టి యంత్రమునొకదానిని నిర్మించియుండిరి. 2020 మార్చిలో ఆ సంస్థ దాని రూపకల్పనను లోకమున కెల్ల ఉచితముగా వెల్లడించెను. హెరాతు బాలికలు దానిని ఆధారముగా గైకొనిరి. హార్వర్డు విశ్వవిద్యాలయ నిపుణుల సలహాలను సైతము పొందిరి.

అసలు కష్టము సామగ్రి సేకరణమున నెదురయ్యెను. అంగళ్లు మూసియుండెను, విదేశముల నుండి భాగములను తెప్పించు దారి లేకపోయెను. కావున వారు వీధులలో కనబడు వాహనములవైపు దృష్టి సారించిరి. ఆఫ్ఘనిస్తానున మిక్కిలి వాడుకలోనున్న కారు టొయోటా కరోలా. దానిలోని ఒక మోటారును, హోండా మోటారుసైకిలు గొలుసును తెచ్చి తమ యంత్రమున అమర్చిరి. ముఖములకు మాస్కులు, చేతులకు గ్లవ్సులు ధరించి ఇంచుమించు నాలుగు మాసములు శ్రమించిరి. 2020 జూలై నాటికి నమూనా సిద్ధమయ్యెను. దానికైన వ్యయము సుమారు 700 డాలర్లు, అనగా నాటి మారకమున ఇంచుమించు 50 వేల రూపాయలు. సాధారణ వెంటిలేటరు వెల 20,000 డాలర్లు, అనగా 15 లక్షల రూపాయలని చెప్పబడెను.

ఇందు గమనింపదగిన గుణము మరియొకటి కలదు. ఇది పెద్ద యంత్రమునకు సమానమని ఆ బాలికలు గొప్పలు చెప్పుకొనలేదు. అసలు వెంటిలేటరు దొరకని ఆపత్సమయమున రోగికి తాత్కాలికముగా ఉపశమనము కలిగించునది మాత్రమేయని స్పష్టముగా ప్రకటించిరి. తన పనియొక్క హద్దును తానెరిగి చెప్పగలుగుట శాస్త్రజ్ఞుని ప్రథమ లక్షణము. అది వారికి పసితనముననే అలవడినది.

ఇట్టి యంత్రమునకు లోహపు పని తెలియవలెను. విద్యుత్తు పని తెలియవలెను. వైద్యుని అవసరమును గ్రహింపవలెను. ఇవి యన్నియు ఒకరికే తెలియుట అరుదు. తలా ఒక చేయి వేసిననే పని సాగును. ఒకరు కూర్చినదానిని వేరొకరు పరీక్షించి లోపము చూపినపుడు, చూపినవారిపై అలుగక సవరించుకొనుట జట్టుపని నేర్పు విద్య. పరీక్షలలో ప్రక్కవానిని మించుటయే నేర్చిన విద్యార్థికి ఈ విద్య అబ్బదు.

కాని కథ ఇంతటితో ముగియలేదు. 2021 ఆగస్టులో కాబూలు తాలిబానుల వశమయ్యెను. జట్టు సభ్యులు కొందరు ఖతరునకును, కొందరు మెక్సికోకును తరలిపోయిరి. అటుపిమ్మట ఆ దేశమున ఆరవ తరగతి దాటిన బాలికలకు బడి తలుపులు మూతపడెను. 2022 డిసెంబరులో విశ్వవిద్యాలయముల తలుపులును మూతపడెను. ఊరికి ఊపిరినిచ్చు యంత్రమును తలపెట్టిన బాలికలకు తమ ఊరిలో చదువుకొను చోటు లేకపోయెను. ఒక బడి మూతపడిన నష్టము అందలి బాలికలదే కాదు. వారు కల్పింపగల వస్తువులను కోల్పోవు రోగులది, రైతులది, ఊరివారందరిది.

భారతదేశమున ఆ తలుపులు తెరచియున్నవి. 2016లో ప్రారంభమైన అటల్ ఇన్నోవేషన్ మిషన్ ద్వారా పదివేల పాఠశాలలలో అటల్ టింకరింగ్ ల్యాబులు వెలసినవి. ఆరవ తరగతి మొదలు పండ్రెండవ తరగతి వరకు గల బాలబాలికలు వానియందు స్వహస్తములతో యంత్రములు కూర్చి చూడవచ్చును. ఉద్యోగరీత్యా ఊరూరా తిరుగు కుటుంబముల పిల్లలకు భాషలు వేరైన తోటివారితో కూడి పనిచేయుట సహజముగానే అలవడును. తల్లిదండ్రులు చేయవలసినది స్వల్పమే: ఇంటనున్న పాత ఫ్యానును పిల్లలు విప్పినపుడు కసరక, దానిని తిరిగి బిగింపుమని ప్రోత్సహించుట, పనిముట్టును కొడుకు చేతికిచ్చినట్లే కూతురు చేతికిని ఇచ్చుట. హెరాతు బాలికలకు అట్లు ఇచ్చినవారుండుట వలననే ఆ యంత్రము పుట్టినది.