అమెరికా నల్లజాతివారి వంట: ప్రక్కటెముకల బార్బెక్యూ

పందిని కోసి పాళ్లు వేసినప్పుడు వీపు మాంసము, తొడ మాంసము ఒక వైపునకు పోవును. కాళ్లు, చెవులు, తోక, ప్రేవులు, ప్రక్కటెముకలు మరియొక వైపునకు పోవును. అమెరికా దక్షిణ రాష్ట్రములలో బానిసత్వము చట్టసమ్మతమై యున్న దినములలో మొదటి పాలు యజమానుని యింటికిని, రెండవ పాలు బానిసల గుడిసెలకును చేరుట పరిపాటి. వారమునకొకసారి కొలిచి యిచ్చెడి మొక్కజొన్న పిండి, ఉప్పులో ఊరవేసిన పంది మాంసము, కొంచెము చెరకు మడ్డి - వీనితో ఆ జనము కడుపు నింపుకొనవలసి వచ్చెడిది. ఎముక యెక్కువగను కండ తక్కువగను ఉండి, తొందరపడి వండినచో పంటికి లొంగని ప్రక్కటెముకలను వారు తమ ఓర్పుచేతను నేర్పుచేతను విందు భోజనముగా మార్చిరి. నేడు అమెరికాలో జాతి భేదము లేక అందరు మెచ్చి తినుచున్న బార్బెక్యూ ప్రక్కటెముకల వెనుక ఉన్న కథ యిది. ఆ కథను, ఇంటిలో వాటిని మెత్తగా వండుకొను విధానమును ఈ ప్రసంగమున వివరింతును.

ఈ వంటలకు 'సోల్ ఫుడ్' అని పేరు. సోల్ అనగా ఆత్మ. వంటలు పాతవే గాని పేరు మాత్రము 1960 తరువాతి సంవత్సరములలో వ్యాప్తికి వచ్చినది. నల్లజాతివారు తమ సంగీతమునకును, తమ వేషభాషలకును ఆత్మగౌరవముతో పేర్లు పెట్టుకొనుచున్న కాలమది. నల్లవారికి తమదని చెప్పదగిన వంటయే లేదని ఒకరు వ్రాయగా, లీరాయి జోన్స్ అను కవి 1962లో 'సోల్ ఫుడ్' అను వ్యాసమున దానికి బదులు చెప్పెను. ఆయనయే తరువాత అమీరి బరాకా అను పేరుతో ప్రసిద్ధుడయ్యెను. పొగపట్టిన మాంసపు ముక్కతో ఉడికించిన కొల్లార్డు ఆకుకూర, మొక్కజొన్న రొట్టె, చిలగడదుంపలు, బెండకాయ పులుసు, అన్నముతో కలిపి వండిన నల్లకన్ను గింజలు - ఇవి యెల్ల ఆ వంటలోనివే. ఆ నల్లకన్ను గింజలు మనకు క్రొత్తవి కావు. మనము బొబ్బర్లనియు అలసందలనియు పిలుచునవి అవియే. ఆఫ్రికాలో పుట్టిన ఆ పంట పూర్వకాలముననే తూర్పుగా మన దేశమునకు వచ్చినది. కొన్ని వేల యేండ్ల పిమ్మట బానిసలను మోసిన ఓడల వెంట పడమరగా అమెరికాకు పోయినది.

ఇక బార్బెక్యూ సంగతి. కరీబియన్ దీవులలోని టైనో జాతివారు కర్రలతో మంచె వంటి చట్రము కట్టి, దానిపై మాంసమును, చేపలను ఉంచి, క్రింద సన్నని సెగ పెట్టెడివారు. ఆ చట్రమునకు వారు వాడిన మాట స్పెయిను భాషలో 'బార్బకోవా' యై, ఇంగ్లీషులో 'బార్బెక్యూ' అయినది. ఈ విద్య దక్షిణ రాష్ట్రములకు వచ్చిన పిమ్మట దాని బరువు పని అంతయు బానిసల మీద పడెను. నేలలో పొడుగాటి గుంత త్రవ్వుట, గట్టి కట్టెలను కాల్చి నిప్పులు చేయుట, రాత్రియంతయు మేల్కొని మాంసమును త్రిప్పుచు, మిరపకారము కలిపిన వినిగరును గుడ్డతో అద్దుట - ఇది వారి పని. యజమానుల విందులకును, ఎన్నికల సభలకును వండినవారు వీరే. 1863 జనవరి 1వ తేదీన లింకన్ విమోచన ప్రకటన వెలువడినది. ఆ వార్తను అమలుపరచు ఉత్తరువు టెక్సాస్ లోని గాల్వెస్టన్ నగరమునకు 1865 జూన్ 19వ తేదీన గాని చేరలేదు. ఆ దినమును ఏటేట పండుగగా జరుపుకొనుచు నల్లవారు బార్బెక్యూ వండుకొనసాగిరి. ఇతరుల విందులకు నేర్చిన విద్యను తమ విందునకు వినియోగించుకొనిరి. 2021లో అమెరికా ప్రభుత్వము ఆ పండుగను జాతీయ సెలవుదినముగా చేసినది.

1910 మొదలు 1970 వరకు సుమారు 60 లక్షల నల్లజాతివారు దక్షిణము విడిచి ఉత్తరమునకు, పడమరకు వలస పోయిరి. వారితో వంట కూడ పోయినది. టెన్నెస్సీ నుండి వచ్చిన హెన్రీ పెర్రీ 20వ శతాబ్దపు తొలినాళ్లలో కాన్సాస్ సిటీలో నిప్పులపై కాల్చిన మాంసమును వార్తాపత్రిక కాగితములలో చుట్టి అమ్మెడివాడు. ఆయన 1940లో మరణింపగా, వద్ద పనిచేసిన చార్లీ బ్రయంట్ దుకాణము నడిపెను. పిమ్మట అది అతని సోదరుడు ఆర్థర్ బ్రయంటు చేతికి వచ్చినది. ఆ నగరమునకు నేడున్న బార్బెక్యూ కీర్తికి పునాది యిదియే. కాని చికాగోలో, డిట్రాయిటులో మేడల మీది యిరుకు గదులలో కాపురముండువారికి గుంత త్రవ్వుటకు పెరడు ఎక్కడిది? అట్టి యిండ్లలో గుంత చేయవలసిన పనిని వంటింటి ఓవెను చేసినది. కావున ఓవెనులో వండిన ప్రక్కటెముకలు అసలైనవి కావని తీసివేయుట సరికాదు. వలసపోయిన కుటుంబముల ఆదివారపు భోజనము ఆ ఓవెనుల నుండియే వచ్చినది.

ఈ వంటతో ముడివడిన ఒక వ్యాజ్యమును గూర్చి కూడ చెప్పవలసి యున్నది. అలబామా రాష్ట్రమున బర్మింగ్‌హామ్ నగరములో 'ఆలీస్ బార్బెక్యూ' అను భోజనశాల 1927లో వెలసినది. అందులో 220 మంది కూర్చుండి భుజింపవచ్చును. అందు పనిచేయు 36 మందిలో మూడింట రెండు వంతులు నల్లవారు. అయినను నల్లవారు అక్కడి మాంసమును కొనుక్కొని బయటకు తీసికొని పోవలసినదే గాని లోపల కూర్చుండి తినరాదు. 1964 జూలై 2వ తేదీన పౌరహక్కుల చట్టము రాగా, తమది ఊరిలోని చిన్న వ్యాపారమనియు, కేంద్ర చట్టము తమకు వర్తింపదనియు యజమానులు వాదించిరి. ఆ భోజనశాల అంతకు ముందు యేడాదిలో కొన్న సుమారు లక్షన్నర డాలర్ల సరకులో నూటికి 46 వంతులు మాంసము. ఆ మాంసము ఇతర రాష్ట్రముల నుండి వచ్చినది. రాష్ట్రముల నడుమ జరుగు వాణిజ్యము కేంద్రము అధికారములోనిది కావున చట్టము వర్తించునని 1964 డిసెంబరు 14వ తేదీన సుప్రీంకోర్టు ఏకగ్రీవముగా తీర్పు చెప్పినది. పొయ్యిమీది మాంసమే సాక్ష్యమై, వండినవారికి భోజనశాల తలుపు తెరచినది. సహపంక్తి భోజనమను మాటకు మన సంఘసంస్కరణ చరిత్రలో ఎంత బరువు కలదో ఎరిగిన శ్రోతలకు ఈ తీర్పు విలువను విడమరచి చెప్పనక్కరలేదు.

ఇప్పుడు వంట. ప్రక్కటెముకలు ఏల గట్టిగా ఉండును? ఊపిరి పీల్చినప్పుడెల్ల కదలుచుండు కండలవి. వానిని ఎముకలతో బిగించి యుంచు పొరలలో కొల్లాజెన్ అను పదార్థము మెండుగా ఉండును. వేడి తగిలిన మొదట మాంసము బిగుసుకొని నీరు కారును. వేడి 70 డిగ్రీల సెంటిగ్రేడు దాటిన తరువాత, తడి తోడైయుండగా, కొల్లాజెన్ మెల్లమెల్లగా కరగి జెలటిన్ అగును. ఆ జెలటినే నోటికి మెత్తదనమును, జిగిని ఇచ్చును. ఈ మార్పునకు వేడి మాత్రమే చాలదు, కాలము కూడ కావలెను. పంది మాంసము 63 డిగ్రీలకు వచ్చి మూడు నిమిషములు నిలిచిన యెడల ఆరోగ్యమునకు భయము లేదని అమెరికా వ్యవసాయశాఖ చెప్పుచున్నది. కాని ప్రక్కటెముకలు ఆ వేడి యొద్ద తినుటకు యోగ్యమైనను నమలుటకు యోగ్యము కావు. లోపలి వేడి 90 మొదలు 95 డిగ్రీల వరకు వచ్చినప్పుడే అవి మెత్తబడును.

సుమారు కిలోన్నర బరువు గల ప్రక్కటెముకల పలకను తీసికొనవలెను. ఎముక వైపున సన్నని తెల్లని పొర యొకటి అంటియుండును. అది ఎంత ఉడికినను మెత్తబడదు. ఉప్పును కారమును లోనికి పోనీయదు. చెంచా కాడతో ఒక మూల ఎత్తి, పొడిగుడ్డతో పట్టి లాగిన యెడల ఊడి వచ్చును. పిమ్మట రెండు చిన్న చెంచాల ఉప్పు, రెండు పెద్ద చెంచాల బెల్లపు పొడి లేక గోధుమవన్నె చక్కెర, ఒక పెద్ద చెంచా కారము తక్కువ గల ఎర్రని మిరపపొడి, మిరియాల పొడి, ఆవపిండి, ఎండిన వెల్లుల్లి పొడి, ఎండిన ఉల్లి పొడి ఒక్కొక్క చిన్న చెంచా, ఘాటైన కారము అర చెంచా కలిపి పలకకు రెండు వైపుల పట్టించవలెను. ముందునాటి రాత్రియే పట్టించి చల్లని చోట ఉంచినచో ఉప్పు లోనికి దిగును.

మరునాడు పలకను పళ్లెములో ఎముక వైపు క్రిందుగా ఉంచి, రెండు పెద్ద చెంచాల వినిగరు చల్లి, అల్యూమినియం రేకుతో ఆవిరి పోకుండ మూయవలెను. ఓవెను వేడి 135 డిగ్రీల సెంటిగ్రేడు మించరాదు. రెండున్నర గంటల మొదలు మూడు గంటల వరకు దానిని కదపనక్కరలేదు. కొందరు గృహిణులు పని త్వరగా ముగియవలెనని ముందు నీళ్లలో ఉడికింతురు. మాంసము మెత్తబడుట నిజమే గాని, రుచిలో కొంత నీటిపాలగును. ఆ నీటిని పారబోసినచో రుచియు దానితోనే పోవును. మూసిన పళ్లెములో ఊరిన రసము ఎక్కడికిని పోదు.

ఈలోగా పులుసు చేసికొనవచ్చును. ఒక గిన్నెడు టొమాటో సాసు, అర గిన్నెడు వినిగరు, పావు గిన్నెడు బెల్లపు పొడి, ఒక పెద్ద చెంచా చెరకు మడ్డి, ఒక చిన్న చెంచా ఆవపిండి, కొంచెము వెల్లుల్లి, మిరియములు, తగినంత కారము కలిపి, సన్నని సెగపై ఇరువది నిమిషములు మరగింపవలెను. ప్రాంతమును బట్టి ఈ పులుసు మారుచుండును. ఉత్తర కరోలినాలో వినిగరు, మిరపకారము ప్రధానము; దక్షిణ కరోలినాలో ఆవపిండి; కాన్సాస్ సిటీలో టొమాటోయు తీపియు. ఏది యైనను చివరనే పూయవలెను. చక్కెర త్వరగా మాడును. ముందుగా పూసినచో మాంసము ఉడుకకమునుపే పైన చేదెక్కును. పలక మెత్తబడిన పిమ్మట రేకు తీసి, పులుసు పూసి, వేడిని 180 డిగ్రీలకు పెంచి, మరి ఇరువది నిమిషములుంచి, నడుమ ఒకమారు మరల పూసినచో పైన నిగనిగలాడు పూత యేర్పడును.

బొగ్గుల కుంపటి ఉన్నవారు నిప్పులను ఒక వైపునకు నెట్టి, మాంసమును నిప్పు లేని రెండవ వైపున ఉంచి, మూత వేయవలెను. పొగ కొరకు హికరీ లేక ఓక్ చెక్క ముక్కలు కొన్ని చాలును. ఇట్లు వండునప్పుడు ఒక చిత్రము జరుగును. లోపలి వేడి 65, 70 డిగ్రీల వరకు చకచక పెరిగి, పిమ్మట గంటల తరబడి కదలక నిలిచిపోవును. నిప్పు చాలలేదని క్రొత్తవారు బొగ్గులు పోయుదురు. నిజమునకు మాంసము పైనున్న తడి ఆవిరియై పోవుచు, మన కూజాలోని నీరు చల్లబడినట్లే మాంసమును చల్లబరచుచుండును. అప్పుడు బొగ్గులు పోయుట కంటె వేచియుండుట మేలు. వేచియుండలేనివారు రేకులో చుట్టవచ్చును.

ఉడికినదో లేదో గడియారము చెప్పలేదు. పలకను ఒక కొస పట్టి ఎత్తినప్పుడు నడుమ వంగి, పైన చిన్న పగులు కనబడవలెను. ఎముకల కొసల నుండి కండ సుమారు ఒక సెంటీమీటరు వెనుకకు జరుగవలెను. ముట్టుకొనగానే ఎముక నుండి మాంసము రాలిపడినచో అది మితిమించి ఉడికినదని అనుభవజ్ఞులందురు. కొరికినచోట మాత్రము విడివడవలెను.

పంది మాంసము మనలో అందరికి భోజ్యము కాదు. అమెరికా నల్లజాతివారిలోను అంతే. అక్కడి ముస్లిములలో 'నేషన్ ఆఫ్ ఇస్లాం' సంఘమువారు దానిని పూర్తిగా నిషేధించిరి. కెంటకీ రాష్ట్రములోని ఓవెన్స్‌బరో నగరము గొఱ్ఱె మాంసపు బార్బెక్యూకు ప్రసిద్ధి చెందినది. పైన చెప్పిన పద్ధతి పొట్టేలు ప్రక్కటెముకలకును చెల్లును. కొవ్వు ముందే తీసివేసి, పులుపు కొంచెము పెంచినచో చాలును. ఉప్పును, కొవ్వును, తీపిని గూర్చి ఆ సమాజమున చాలకాలముగా చర్చ జరుగుచున్నది. రక్తపు పోటు గలవారికి ఇది నిత్యభోజనము కాదగదు. పూర్వమును ఇది నిత్యభోజనము కాదు. తోటలోని ఆకుకూరలు, దుంపలు, గింజలు నిత్యము తినునవి, ప్రక్కటెముకలు పండుగకు. వర్జీనియాలో విముక్తులైన బానిసలు స్థాపించిన ఫ్రీటౌన్ అను పల్లెలో పుట్టిన ఎడ్నా లూయీస్ 1976లో ప్రకటించిన వంటల గ్రంథమున ఋతువులను బట్టి తోటపంటలతో సాగిన ఆ పల్లె భోజనమును వర్ణించినది.

వంట పేరు పొందినంతగా వండినవారు పేరు పొందలేదు. బార్బెక్యూ పత్రికలకును, టెలివిజనుకును ఎక్కిన పిమ్మట తెల్లవారి పేర్లే ముందు వినబడసాగినవి. ఆ లోపమును సరిదిద్దుటకై ఏడ్రియన్ మిల్లర్ అను చరిత్రకారుడు 2021లో 'బ్లాక్ స్మోక్' అను గ్రంథమును వెలువరించెను. మనము ఇంటిలో ఈ వంట చేసికొనునప్పుడు పులుసు సీసా మీది వ్యాపారి పేరుకు బదులు, గుంతల ప్రక్కన రాత్రులు మేల్కొన్నవారిని తలచుకొనుట న్యాయము.

ఓవెను నుండి తీసిన పిమ్మట పలకను పది నిమిషములు ఆరనిచ్చి, ఎముకకు ఎముకకు నడుమ కోసి, మొక్కజొన్న రొట్టెతోను, ఆకుకూరతోను వడ్డింపవలెను. కత్తులతో, ముండ్ల చెంచాలతో పనిలేదు. ఇది చేతితో తినవలసిన భోజనము. వండినవారు కూడ అందరితో పాటు పంక్తిలో కూర్చుండవలెను.