లూపులో లూపు: షరతు తెలిస్తే ఫలితం తెలుస్తుంది



మన దేశపు పాఠశాలల్లోకి కంప్యూటరు బోధన 1984లో కేంద్ర ప్రభుత్వపు ‘క్లాస్’ పథకంతో అడుగుపెట్టినది. ఆనాటి పిల్లలు నేర్చినది 1964లో అమెరికాలోని డార్ట్‌మత్ కళాశాలలో కెమెనీ, కర్ట్జ్ అనే ఆచార్యులు రూపొందించిన బేసిక్ భాష. నేటి పిల్లలు నేర్చుకొనేది పైథాన్. భాషలు మారినవి గాని, క్రొత్తగా నేర్చే బిడ్డ తడబడే చోటు మారలేదు. అది లూపులో లూపు, అనగా ఒక ఆవృత్తి లోపల మరొక ఆవృత్తి.

నిజానికి తెలుగు పిల్లలకు ఇది క్రొత్త విషయం కాదు. ‘రెండు ఒకట్ల రెండు, రెండు రెళ్ళు నాలుగు’ అంటూ పది వరకు చదివి, మూడవ ఎక్కం ఎత్తుకొనగానే గుణకం మళ్ళీ ఒకటి నుండి ఆరంభమవుతుంది. ఎక్కం సంఖ్య వెలుపలి లూపు. గుణకం లోపలి లూపు. వెలుపలిది ఒక్క అడుగు వేసేలోగా లోపలిది తన ప్రయాణమంతా ముగించి, మరల మొదటికి వస్తుంది. రెండు నుండి ఇరవై వరకు పది గుణకాలతో ఎక్కాలు చదివితే ఎన్ని పంక్తులు? ఇరవైలో రెండు తీసివేసి 180 అనేవారు అనేకులు. రెండవ ఎక్కమూ లెక్కలోనిదే గనుక ఎక్కాలు 19, పంక్తులు 190. ప్రోగ్రాములలో సర్వసాధారణమైన పొరపాటు ఈ ఒక్క అంకె తేడాయే.

ఇక చుక్కల ముగ్గును చూడండి. వరుస సంఖ్యను ‘వ’ అని, వరుసలోని చుక్క సంఖ్యను ‘చ’ అని అనుకొందాము. రెండూ ఒకటి నుండి బయలుదేరుతాయి. వ ఐదు వరకు నడుస్తుంది. లోపలి షరతు ‘చ ఐదుకు మించకూడదు’ అయితే 25 చుక్కల చతురస్రం వస్తుంది. ‘చ ఐదు కంటె తక్కువ’ అయితే వరుసకు నాలుగే, మొత్తం 20. ‘చ, వ విలువను మించకూడదు’ అంటే మొదటి వరుసలో ఒకటి, రెండవదానిలో రెండు, ఇలా 15 చుక్కల త్రిభుజం ఏర్పడుతుంది. చ ను వ విలువ నుండి మొదలుపెట్టి ఐదు వరకు నడిపితే చుక్కలు అవే 15, కాని త్రిభుజం తలక్రిందులవుతుంది. కనుక మొత్తం సరిపోయినంత మాత్రాన ఆకారం సరియైనదని భావించరాదు.

దోషాలు కూడ పాఠాలే. చ కు ఒకటి విలువ ఇచ్చే ఆజ్ఞను వెలుపలి లూపుకు ముందే వ్రాసి, ప్రతి వరుసకు మరల ఇవ్వడం మరచితే ఏమగును? చతురస్రపు షరతుతో మొదటి వరుసలో ఐదు చుక్కలు పడి, చ ఆరుకు చేరుతుంది. తక్కిన నాలుగు వరుసలు శూన్యం. త్రిభుజపు షరతుతోనైతే ప్రతి వరుసలోను ఒక్కటే పడి, ఐదు చుక్కలు నిలువుగా నిలుస్తాయి. లోపలి లూపులో చ కు బదులు వ ను పెంచితే చ ఒకటి వద్దనే ఉండిపోతుంది. చతురస్రపు షరతు ఎన్నటికీ తప్పదు, యంత్రం ఆగదు. తెరపై కనిపించే వికృతరూపమే దోషమున్న స్థానాన్ని చూపుతున్నది.

భాషాభేదమూ గమనించదగినది. బేసిక్‌లో ఒకటి నుండి ఐదు వరకు అంటే ఐదు కూడ చేరుతుంది. పైథాన్‌లో పరిధి చివరి సంఖ్య చేరదు. ప్రోగ్రామును కంఠస్థం చేసిన విద్యార్థి, ప్రశ్నపత్రంలో ఒక్క గుర్తు మారగానే నిశ్చేష్టుడవుతాడు. తెలుగు మాధ్యమపు బిడ్డయైతే తన ఇంగ్లీషే దీనికి కారణమని తలచి క్రుంగిపోతాడు. ఈ పాఠానికి కావలసిన ఇంగ్లీషు మాటలు పట్టుమని పది లేవు. కావలసినది తర్కం, అది మాతృభాషలో మరింత తేటపడుతుంది.

ఉపాధ్యాయులు చేయదగినది ఒక్కటే. మీట నొక్కే ముందు కాగితంపై మూడు గడులు గీయించి వ విలువ, చ విలువ, పడిన గుర్తు వరుసగా వ్రాయించవలెను. తెరపై ఏమి రానున్నదో విద్యార్థి ముందుగా తెలుగులో చెప్పవలెను. తరువాతనే యంత్రాన్ని నడపవలెను. కంప్యూటరు తెలియని తల్లియైనను ‘ఇప్పుడు వ ఎంత? చ ఎంత? షరతు నిలిచినదా, తప్పినదా?’ అని అడుగగలదు. ఆ మూడు ప్రశ్నలకు తడుముకొనక బదులిచ్చే బిడ్డకు ఏ క్రొత్త భాష వచ్చినా భయముండదు.

డెబ్బదియైదేండ్లుగా పరరాష్ట్రంలో తెలుగు పలుకును నిలిపిన ఈ విద్యాలయంలో రేపటి శాస్త్రమూ ఆ పలుకులోనే వికసించుగాక. స్వస్తి.