శకలాలు చెప్పే సాక్ష్యం

ఈ నాచుపల్లి కళాశాలలో నేడు పట్టాలు అందుకుంటున్న జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల బిడ్డలారా, ఒక ప్రమాదంతో మొదలుపెడతాను.

2009 సెప్టెంబరు 2న అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి గారు ప్రయాణిస్తున్న బెల్ 430 హెలికాప్టర్ నల్లమలలో కూలింది. అందులోని ఐదుగురూ మరణించారు. కుట్ర జరిగిందన్న మాట ఊరూరా పాకింది. దర్యాప్తు తేల్చింది వేరు. ట్రాన్స్‌మిషన్ ఆయిల్ ప్రెషర్ సమస్య మీదే పైలట్ల దృష్టి నిలిచిపోయింది. ఎదురుగా ఉన్న వాతావరణ తీవ్రతను గుర్తించలేదు. కిందికి విసిరికొట్టే గాలిలో హెలికాప్టర్ అదుపు తప్పింది.

ఇలాంటి నిజం ఎలా తేలుతుంది? కూలిన విమానం తన కథను నేల మీద రాసి పోతుంది. శకలాలు ఒక్కచోటే కుప్పపడి, లోతైన గుంత పడితే నిటారుగా పడిందని అర్థం. నేలను చాలులా దున్నుకుంటూ పోతే వాలుగా దిగిందని అర్థం. దర్యాప్తు అధికారి ముందుగా ముక్కు, తోక, రెండు రెక్కల కొనలు వెతుకుతారు. వాటిలో ఒకటి మైళ్ల వెనుక దొరికితే విమానం గాలిలోనే విరిగిందేమోనని చూస్తారు. హెచ్చరిక దీపపు బల్బును కూడా వదలరు. వెలుగుతుండగా ఢీకొంటే లోపలి వేడి తీగ సాగుతుంది. ఆరి ఉంటే పుటుక్కున తెగుతుంది.

1996లో న్యూయార్క్ దగ్గర సముద్రంలో టీడబ్ల్యూఏ 800 విమానం కూలి 230 మంది చనిపోయారు. క్షిపణి తగిలిందని ప్రచారం జరిగింది. ఏ శకలం ఎక్కడ దొరికిందో ఎరుపు, పసుపు, ఆకుపచ్చ చీటీలు కట్టి గుర్తుపెట్టారు. విమానాన్ని మళ్లీ పేర్చి చూశారు. మధ్య ఇంధన ట్యాంకులో ఆవిరి పేలిందని తేలింది. ఆ తర్వాత ట్యాంకుల భద్రతా నియమాలే మారాయి.

దర్యాప్తు లక్ష్యం ఎవరిని నిందించాలన్నది కాదు, మరో ప్రమాదాన్ని ఆపడమేనని అంతర్జాతీయ పౌర విమానయాన నిబంధన స్పష్టంగా చెబుతోంది.

ప్రమాదం విమానానికే జరగనక్కరలేదు. ఈ ప్రాంగణానికి దగ్గర్లోని కొండగట్టు ఘాట్‌లో 2018 సెప్టెంబరు 11న బస్సు లోయలో పడి 60 మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. బాబూ, తల్లీ, రేపు మీరు వంతెనలు కడతారు, యంత్రాలు నడుపుతారు. ఏదైనా కూలిన రోజున పుకారు వినకండి. దోషి పేరు చెప్పడానికి తొందరపడకండి. సాక్ష్యాన్ని కదపకుండా చూడండి, ఓపికగా చదవండి, తేలిన నిజాన్ని ధైర్యంగా రాయండి. మీ పట్టాకు అదే గౌరవం.