బర్రె బొమ్మ అచ్చేద్దాం
(గోదావరిఖనిలో కాలనీ పిల్లలకు బొమ్మల అచ్చు నేర్పుతున్న సందర్భంగా పెద్దల ముందు చేసిన ప్రసంగ పాఠం)



పదిహేను రోజులుగా పొద్దుగూకినంక మేం పిల్లల చేత బొమ్మలు అచ్చేయిస్తున్నాం. మిషను లేదు, కరెంటు లేదు. ఒక కర్ర చట్రం, దానికి బిగించిన సన్నని జాలీ గుడ్డ, ఒక రబ్బరు పట్టీ, డబ్బాడు రంగు. పెళ్ళి పత్రికలు, స్టిక్కర్లు అచ్చేసే స్క్రీన్ ప్రింటింగే ఇది. 1968లో ప్యారిస్‌లో విద్యార్థులు తిరగబడినప్పుడు రాత్రికి రాత్రి పోస్టర్లు గుంజింది కూడా దీంతోనే.

మీకు నచ్చిన జంతువును గీయండి అన్నాం. నెమలి గీసిన్రు, జింక గీసిన్రు, హంస గీసిన్రు. ఈ కాలనీలో హంసను చూసిన పిల్ల ఎవరు? ఇంటెనుక పందుల దొడ్డి ఉన్న పిల్లగాడు కూడా పందిని గీయలేదు. పోనీ బర్రెను గీయరా అంటే "నవ్వుతరు" అన్నడు.

ఎందుకు నవ్వుతరు? ఆ అంటే ఆవు అని నేర్పినం. బ అంటే బంతి, బాతు, బడి. బర్రె రాలేదు. ఎప్పుడన్న వస్తే గేదె అని వేరే పేరు పెట్టుకొని వచ్చింది. దున్నపోతు, గాడిద, పంది బళ్ళోకి వచ్చేది తిట్ల కిందనే. ఇంట్ల క్యాలెండరు చూస్తే దున్నపోతు మీద యముడు కూసుంటడు. 1894లో బొంబాయిలో పెట్టిన రవివర్మ ప్రెస్సు, ఆవు ఒంటినిండా 84 మంది దేవతలను కూర్చోబెట్టి పటం అచ్చేసింది. మన చాయలో పాలు మాత్రం బర్రెవి!

బొమ్మ బలమేమిటో మనవాళ్ళకు తెలువదని కాదు. 1952 ఎన్నికల్లో అంబేద్కర్ నడిపిన షెడ్యూల్డ్ కులాల ఫెడరేషన్ గుర్తు ఏనుగు. మెదక్ జిల్లా నిజాంపూర్‌లో 1940లో పుట్టిన లక్ష్మాగౌడ్ ఊరి మేకను ఎచింగుల్లోకి తెచ్చి దేశమంతా చూపిండు.

ఇక పని సంగతి. పలుచని కాయితం మీద బర్రెను గీసి, ఒంటి మేర బ్లేడుతో కోసి తీసేస్తాం. చిల్లు పడిన కాయితాన్ని జాలీ అడుగున పెడతాం. ఒక కొసన రంగు పోసి, రబ్బరు పట్టీతో ఒకే బలంతో గుంజాలె. ఆ రంగుకే కాయితం జాలీకి అతుక్కుంటది, చిల్లున్న మేర రంగు దిగుతది. తిప్పలంతా కంటి కాడ. కన్ను తెల్లగ ఉండాలంటే ఆ చిన్న ముక్కను విడిగా జిగురుతో అంటించాలె. మొదటి రోజు బర్రెలన్నీ గుడ్డివే. నల్లబర్రెకు ఒక్క రంగు, ఒక్క గుంజుడు చాలు. తెల్లావునైతే తెల్ల కాయితం మీద చూపెట్టేటందుకు చుట్టూ రంగెయ్యాలె. ఇది పిల్లలే కనిపెట్టిన్రు. బొగ్గుబాయి పిల్లలు కదా, బొగ్గు నూరి రంగు చేద్దామని కూడా అన్నరు. ఆ పొడి గరుకు, జాలీ కళ్ళలో ఇరుక్కుంటది. మందు పూసి ఎండకు పెట్టే పద్ధతి కూడా ఉంది, సన్నగీతలు బాగ వస్తయి. అయితే అందులో పాతకాలం నుంచి కలుపుతున్న బైక్రోమేట్ విషం. అది పిల్లల చేతికియ్యం.

ఇదంతా ఆటకు కాదు. ఓపెన్‌కాస్టులొచ్చి ఊర్లు ఎట్ల పోయినయో మీకు చెప్పనక్కరలేదు. పట్టా ఉన్న చేనుకు లెక్క కట్టిన్రు. మన బర్రెలు మేసిన బంచరాయి మన పేర ఏనాడూ లేదు. మేత పోయె, బర్రెలను అంగట్ల అమ్ముకుంటిమి. ఎన్ని బర్రెలు, ఎవరివి? మన దగ్గర ఒక్క కాయితం లేదు. కాని ముసలమ్మలకు వాటి పేర్లు ఇంకా యాదికున్నయి. అడిగి రాసుకొచ్చే పని పిల్లలకు అప్పజెప్పినం. విసుక్కోకుండా చెప్పండి. బొమ్మ కింద పెద్దక్షరాలతో బర్రె పేరు, సాదినవాళ్ళ పేరు, పోయిన ఊరి పేరు అచ్చేసి గోడలకు అంటిద్దాం.

జాలీకి మీ పాత పల్చటి టెరిలిన్ చీరలు పనికొస్తయి, ఇయ్యండి. అక్షరాలు తిప్పి రాయాల్నా అని కొందరు అడుగుతున్నరు. రబ్బరు స్టాంపుకైతే, చెక్క అచ్చుకైతే తిప్పి చెక్కాలె. దీనికి అక్కరలేదు. రాసింది రాసినట్టే పడతది.