శవాల లెక్క ఎవరు రాశారు?

(కార్యకర్తల శిక్షణా తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



యుద్ధం జరిగే చోటికి విలేకరి వెళితే చాలు, నిజం దానంతటదే బయటికొస్తుందని మనలో చాలామంది అనుకుంటాం. వియత్నాం సంగతి చూస్తే అలా లేదు. 1965లో అమెరికా అక్కడ కాల్బలాన్ని దించింది. 1973 దాకా కదల్లేదు. అన్నేళ్లూ విలేకర్లకి కొదవ లేదు. రోజూ సాయంత్రం సైగాన్‌లో మిలిటరీ అధికారులు వాళ్లని కూర్చోబెట్టి, శత్రువులు ఇంతమంది చచ్చారని లెక్క చెప్పేవాళ్లు. దానికి విలేకర్లే 'అయిదు గంటల తమాషా' అన్నట్టు పేరు పెట్టి నవ్వుకునేవాళ్లు. నవ్వుకుంటూనే చాలాసార్లు ఆ లెక్కే పత్రికలకి పంపేవాళ్లు.

1968 మార్చి 16న ఏం జరిగిందో వినండి. సోన్ మీ అనే గ్రామం, అందులో మై లాయ్ అనే పల్లె. పొద్దున్నే పొయ్యిలు వెలిగించుకునే వేళ హెలికాప్టర్లలో సైన్యం దిగింది. ఎదురు తిరిగినవాడు లేడు. ఉన్నది ముసలోళ్లు, ఆడవాళ్లు, చంటిబిడ్డలు. వాళ్లని గుంపులు గుంపులుగా కాలవలోకి తోసి కాల్చారు. మర్నాడు పత్రికల్లో ఏమొచ్చింది? శత్రువులు 128 మంది హతం! మిలిటరీ కాగితంలో దొరికిన తుపాకులు 3. అంతమంది సైనికులు చస్తే మూడే తుపాకులా అని అడగాల్సినవాళ్లు అడగలేదు.

ఆ రోజు అక్కడ రాసేవాడు లేడా? ఉన్నాడు. ఫొటోలు తీసేవాడూ ఉన్నాడు. ఇద్దరూ మిలిటరీ జీతగాళ్లే. రాసినవాడు గెలుపు రాశాడు. ఫొటోగ్రాఫర్ రొనాల్డ్ హేబర్లీ సొంత కెమెరాతో తీసిన రంగు ఫొటోలు మాత్రం తన దగ్గరే ఉంచుకున్నాడు.

చెప్పినవాళ్లు లేకపోలేదు. హెలికాప్టర్ నడిపే హ్యూ థాంప్సన్ జనానికీ సైనికులకీ మధ్యన దిగి కొందరి ప్రాణాలు కాపాడాడు. జరిగింది పైవాళ్లకి చెప్పాడు. ఆ ఊరి పెద్ద కూడా పైకి రిపోర్టు పంపాడు. అది శత్రువుల ప్రచారమని పక్కన పారేశారు. ఊరివాడి మాటకి విలువ అంతే!

రాన్ రైడెన్‌అవర్ అని ఇంకొక సైనికుడు. అతను ఆ రోజు అక్కడ లేడు. ఉన్నవాళ్లని ఒక్కొక్కరినీ కదిలించి అడిగాడు, ఒకడి మాటని ఇంకొకడి మాటతో సరిచూసుకున్నాడు. 1969 మార్చిలో ఉత్తరం రాశాడు. ఒక్కరికి కాదు, దాదాపు 30 మంది పెద్దలకి నకళ్లు పంపాడు. ఒకడు చెత్తబుట్టలో వేస్తే ఇంకొకడు చదువుతాడు కదా! దాంతో విచారణ కదిలింది. నవంబరులో సేమూర్ హెర్ష్ అనే విలేకరి వివరాలన్నీ రాశాడు. పేరున్న పత్రికలు వేసుకోమంటే ఒక చిన్న వార్తాసంస్థ పంచిపెట్టింది. హేబర్లీ ఫొటోలూ ఆ నెలలోనే అచ్చయ్యాయి. నిజం ఊరు దాటడానికి 20 నెలలు పట్టింది.

ఇవాళ సోన్ మీ స్మారకంలో 504 పేర్లున్నాయి. 128 ఎక్కడ, 504 ఎక్కడ! శిక్ష పడింది ఒక్కడికి, లెఫ్టినెంట్ విలియం క్యాలీకి. 1971లో యావజ్జీవం అన్నారు. అనుభవించింది మూడున్నరేళ్లు, అదీ ఎక్కువ భాగం తన ఇంట్లోనే. దీన్ని న్యాయం అని మేము అనం. అయితే ఆ ఉత్తరం లేకపోతే ఈపాటికి ఆ పసిబిడ్డలు కూడా శత్రు సైనికుల లెక్కలోనే ఉండేవాళ్లు.

అందుకని మేము చెప్పేదేమంటే, ఎక్కడ ఏ ఘోరం జరిగినా మొదటి లెక్క తుపాకి పట్టినవాడే రాస్తాడు. రెండో లెక్క మనం రాయాలి. తేదీ, వేళ, చోటు రాయండి. చూసిందేదో, విన్నదేదో విడివిడిగా రాయండి. ఒక మాట ఇద్దరి నోట వినండి. చచ్చినవాళ్లని అంకెలో కలపకుండా పేరు పేరునా రాయండి. నకళ్లు పదిచోట్లకి పంపండి, ఒకటి ఊళ్లో దాచండి. చదువు రానివాళ్లు చెప్పండి, వచ్చినవాళ్లు రాయండి. ఆ పని ఈ తరగతి నుంచే మొదలుపెడదాం.